లోకానికి కర్త ఉన్నాడని తర్కం చెప్పగలదా?

ఈశ్వరుడున్నాడని నమ్మడం వేరు, ఉన్నాడని నిరూపించడం వేరు. నిరూపించడానికి మనుషులు చేసిన ప్రయత్నాలలో అతి ప్రాచీనమైనదీ, చదువుతో పనిలేకుండా ఎవరికైనా అందేదీ రచనావాదం. కన్ను చూడటానికీ, రెక్క ఎగరడానికీ సరిగ్గా తగినట్టు అమరి ఉండటం, ఋతువులు నియమం తప్పకుండా రావడం, విత్తనం నుంచి దాని జాతి మొక్కే మొలవడం వంటి క్రమమంతా బుద్ధి గల కర్త లేకుండా ఏర్పడదు కనుక అటువంటి కర్త ఒకడు ఉండి తీరాలన్నది ఈ వాదం సారాంశం. ఇది వేదాన్ని గాని, బైబిలును గాని, యోగుల అనుభవాన్ని గాని ఆశ్రయించదు. అందరి కళ్లకూ కనిపించే లోకాన్నే సాక్ష్యంగా నిలబెడుతుంది. అందువల్లనే దైవాన్ని నమ్మనివారు కూడా దీన్ని పక్కకు నెట్టలేక, దీనికి సమాధానం చెప్పవలసి వచ్చింది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ‘టిమాయస్’లో ఒక నమూనాను చూస్తూ లోకాన్ని తీర్చిన శిల్పి వంటి దైవాన్ని వర్ణించాడు. 13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దేవుడి ఉనికికి చూపిన ఐదు మార్గాలలో చివరిది ఈ కోవకే చెందుతుంది. అయితే ఈ వాదంలోని తార్కిక బలాన్నీ బలహీనతనూ గురించి భారతదేశంలో శతాబ్దాల పాటు హోరాహోరీగా చర్చ జరిగింది. ఆధునిక యూరపులో పేరుపొందిన ఆక్షేపణలలో ముఖ్యమైనవి కొన్ని ఆ చర్చలో అంతకు వెయ్యేళ్ల ముందే పుట్టాయి.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఈ వాదాన్ని అనుమానంగా కూర్చారు. తర్కశాస్త్రంలో అనుమానం అంటే కనిపించిన గుర్తును బట్టి కనిపించని దానిని నిశ్చయంగా తెలుసుకోవడం. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తెలుసుకున్నప్పుడు కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు, పొగా నిప్పూ కలిసి కనిపించే వంటిల్లు దృష్టాంతం అవుతాయి. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న తప్పని సంబంధానికి వ్యాప్తి అని పేరు. ఇదే అచ్చులో పోస్తే ఈశ్వరానుమానం ఇలా ఉంటుంది: భూమి, మొలక మొదలైనవి పక్షం, కర్త వల్ల పుట్టడం సాధ్యం, అవి కార్యాలు కావడం, అంటే ఒకప్పుడు లేకుండా ఉండి తరువాత ఏర్పడటం హేతువు, కుమ్మరి చేసిన కుండ దృష్టాంతం. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికా వ్యాఖ్యలో ఈ అనుమానాన్ని పొందుపరిచాడు. ఆ చిన్న గ్రంథం తర్కం నేర్చుకునేవారికి నేటికీ తొలి పాఠ్యగ్రంథం కనుక, ఈ వాదం తెలుగునాట సంస్కృత పాఠశాలల్లో తరతరాలుగా వల్లెవేయబడుతూ వచ్చింది.

ఈ అనుమానంలో కర్త అన్న మాటను నైయాయికులు వదులుగా వాడలేదు. దేనితో వస్తువు తయారవుతుందో ఆ ఉపాదానాన్ని ప్రత్యక్షంగా ఎరిగి, చేయాలన్న కోరిక కలిగి, ఆ కోరికకు తగిన ప్రయత్నం చేసేవాడే వారి లెక్కలో కర్త. లోకం పరమాణువుల కలయికతో ఏర్పడిందనీ, రెండు పరమాణువులు చేరి ద్వ్యణుకం అవుతుందనీ, అక్కడి నుంచి క్రమంగా స్థూల పదార్థాలు పుడతాయనీ న్యాయవైశేషికుల సిద్ధాంతం. పరమాణువులను ప్రత్యక్షంగా ఎరగడం ఏ మనిషికీ సాధ్యం కాదు కాబట్టి వాటిని కూర్చిన కర్త సర్వజ్ఞుడై ఉండాలని వారు ముగించారు. మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు ఈశ్వరసిద్ధి కోసమే రచించిన ‘న్యాయకుసుమాంజలి’లో ఈ కార్యహేతువుకు తోడు మరికొన్ని హేతువులను కూడా చేర్చాడు. జడమైన పరమాణువులకు సృష్టి ఆరంభంలో తొలి కదలిక ఎవరు కలిగించారన్నది వాటిలో ఒకటి, ఇంత బరువైన లోకం పడిపోకుండా ఎవరు నిలుపుతున్నారన్నది మరొకటి. బట్టలు నేయడం వంటి విద్యలు ఒకరి నుంచి ఒకరికి సంక్రమించేవే కదా, మొట్టమొదటి గురువు ఎవరన్నది ఇంకొకటి.

ఈ వాదానికి తగిలిన మొదటి గట్టి దెబ్బ బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తిది. ఉదయనుడికి కొన్ని శతాబ్దాల ముందే, ‘ప్రమాణవార్తికం’లో, అతడు వ్యాప్తి మీదే గురిపెట్టాడు. ఒక ప్రత్యేకమైన అమరికకూ ఒక కర్తకూ ఉన్న సంబంధాన్ని ఎవరైనా స్వయంగా చూసి ఉంటే, అదే రకమైన అమరిక మరోచోట కనిపించినప్పుడు అక్కడ కూడా కర్త ఉన్నాడని ఊహించడం సబబే. పాడుబడిన కోటను చూసి కట్టినవారు ఎవరో ఉన్నారని చెప్పడంలో తప్పులేదు. కాని కుండలోని అమరికనూ కొండలోని అమరికనూ ఒకే ‘అమరిక’ అన్న మాటతో పిలిచినంత మాత్రాన అవి ఒకే జాతివి అయిపోవు. పొగ బూడిదరంగులో ఉంటుంది కాబట్టి బూడిదరంగు వస్తువు కనిపించిన ప్రతిచోటా నిప్పు ఉందని ఎవరూ అనరు. మట్టి వికారమన్న ఒక్క పోలికతో కుండ వెనుక ఉన్న కుమ్మరిని పుట్ట వెనుక కూడా ఊహిస్తే, చెదపురుగులు పెట్టిన పుట్టను కుమ్మరి చేశాడని ఒప్పుకోవలసి వస్తుంది. అంతేకాదు, గాయం ఆయుధం వల్ల అయిందనీ, మందు వల్ల మానిందనీ స్పష్టంగా తెలుస్తూ ఉండగా, దానితో ఏ సంబంధమూ లేని ఒక మోడును కూడా కారణమని కల్పిస్తే కారణాలకు అంతే ఉండదు. విత్తనం, నేల, నీరు ఉంటే మొలక వస్తుందని, లేకపోతే రాదని కనిపిస్తున్నప్పుడు వీటికి మించిన మరో కారణాన్ని చేర్చడానికి ఆధారమేమిటని ధర్మకీర్తి అడిగాడు.

ఈ ఆక్షేపణకు నైయాయికులు తలవంచలేదు, అలాగని దాన్ని తేలికగా కూడా తీసుకోలేదు. కొండ మీది పొగ వంటింటి పొగ లాగే ఉండనవసరం లేదు, పచ్చిదో ఎండుదో, గంధపు కట్టెదో పిడకలదో ఏ పొగైనా పొగే కాబట్టి విశేషాలను పక్కనపెట్టి సామాన్యాన్ని పట్టుకోకపోతే అనుమానమనేదే సాగదని వారు బదులిచ్చారు. ఏ పోలిక ప్రధానం, ఏ తేడా అప్రధానం అన్నది ముందుగానే ఎలా నిర్ణయించాలన్న ఈ ప్రశ్నే మొత్తం వివాదానికి ఆయువుపట్టు. దానిని తేల్చడానికి భారతీయ తర్కం తయారుచేసుకున్న పనిముట్టు ఉపాధి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, తడి కట్టె ఉన్నప్పుడే పొగ వస్తుంది కాబట్టి ఆ తడే అసలు షరతు, మీరు దాన్ని గమనించలేదని చూపవచ్చు. ఇలా దాగి ఉండి వ్యాప్తిని చెడగొట్టే షరతే ఉపాధి. కర్త ఉన్న ప్రతి కార్యం వెనుకా శరీరం ఉన్న కర్తే కనిపిస్తున్నాడు కనుక ఈశ్వరానుమానానికి శరీరం వల్ల పుట్టడం ఉపాధి అవుతుందనీ, మొలక వెనుక అటువంటి శరీరధారి లేడు కనుక కర్త కూడా లేడనీ ప్రతివాదులు అన్నారు. కర్త వల్ల పుట్టనివని ఇరుపక్షాలూ ఒప్పుకునే ఆకాశం వంటి నిత్య పదార్థాలు అసలు పుట్టనే పుట్టవు, కాబట్టి కర్త లేకపోవడాన్ని చూపడానికి ‘పుట్టకపోవడం’ ఒక్కటే చాలు, దానికి ముందు ‘శరీరం వల్ల’ అన్న విశేషణాన్ని తగిలించడం వ్యర్థం అన్నది న్యాయ పక్షం సమాధానం. ఈ సమాధానంలోని చురుకుదనాన్ని మెచ్చుకోక తప్పదు. అయితే శరీరం లేకుండా జ్ఞానం, కోరిక, ప్రయత్నం ఎక్కడైనా కనిపించాయా అన్న మూలప్రశ్నకు అది బదులు కాదు.

వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికే జీవితాన్ని అంకితం చేసిన మీమాంసకుడు కుమారిలభట్టు సైతం సృష్టికర్తను అంగీకరించలేదన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి. శరీరం లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా పుట్టింది, శరీరం ఉంటే దాన్ని ఎవరు చేశారు, దయతో సృష్టించాడంటే దయ చూపడానికి అప్పటికి జీవులే లేరు కదా, దయే కారణమైతే సుఖాన్ని మాత్రమే ఎందుకు సృష్టించలేదు అని ‘శ్లోకవార్తికం’లో అతడు వరుసగా నిలదీశాడు. జీవుల సుఖదుఃఖాలకు వారి కర్మే కారణమనీ, ఈశ్వరుడు దానికి తగినట్టు ఫలాన్ని మాత్రమే ఏర్పాటు చేస్తాడనీ న్యాయ పక్షం అంటుంది. అప్పుడు కర్మే అంతా నడిపిస్తూ ఉంటే ఈశ్వరుడి స్వాతంత్ర్యం ఎక్కడ మిగిలిందన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది.

ఈ చర్చలో గొప్ప మలుపు నాస్తికుల నుంచి రాలేదు. నారాయణుడే పరబ్రహ్మమని ప్రతిపాదించి భక్తికి తాత్త్విక పునాది వేసిన రామానుజాచార్యులు, శ్రీభాష్యంలో బ్రహ్మసూత్రాల మూడవ సూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ, ఈశ్వరుడిని అనుమానంతో నిరూపించడం సాధ్యం కాదని విపులంగా వాదించారు. భూమీ సముద్రాలూ కార్యాలే అనుకున్నా, అవన్నీ ఒకే కాలంలో ఒకే కర్త చేశాడనడానికి ఆధారం లేదు. కుండలూ మేడలూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేయడమే లోకంలో చూస్తున్నాం. పుణ్యం వల్ల అసాధారణ శక్తి పొందిన జీవులు కొందరు వేర్వేరుగా వీటిని నిర్మించి ఉండవచ్చునన్న ఊహను ఆ అనుమానం ఎలా తోసిపుచ్చుతుందని వారు అడిగారు. బ్రహ్మాన్ని తెలిపేది శాస్త్రమే, అంటే వేదాంత వాక్యాలే తప్ప తర్కం కాదన్నది వారి నిర్ణయం. రచనావాదాన్ని ఖండించినవారంతా దైవాన్ని ఖండించినట్టే అనుకునే నేటి వాదప్రతివాదులు, ఆస్తికులైనా నాస్తికులైనా, ఈ ఒక్క ఘట్టాన్ని గుర్తుంచుకుంటే చర్చ ఎంతో శుభ్రపడుతుంది.

యూరపులో ఈ వాదానికి స్థిరమైన రూపాన్నిచ్చినవాడు ఇంగ్లండు మతాచార్యుడు విలియం పేలీ. 1802లో వెలువడిన ‘నేచురల్ థియాలజీ’లో అతడు, బీడులో నడుస్తున్నప్పుడు కాలికి రాయి తగిలితే అది ఎప్పటి నుంచో అక్కడే ఉందనుకోవచ్చు గాని, గడియారం దొరికితే అలా అనుకోలేమని వాదం మొదలుపెట్టాడు. గడియారంలోని చక్రాలూ స్ప్రింగూ కాలాన్ని చూపడమనే ప్రయోజనానికి తగినట్టు అమరాయి. వాటి ఆకారమో వరుసో కొంచెం మారితే ఆ పని జరగదు. కాబట్టి దానికి ఒక నిర్మాత ఉన్నాడు, కంటికి కూడా అదే వర్తిస్తుంది అన్నది అతడి మాట. పేలీని కేవలం గడియారానికీ లోకానికీ పోలిక చెప్పినవాడిగా కొట్టిపారేయడం అన్యాయం. భాగాలు ఒక ప్రయోజనం కోసం అమరడం అన్న లక్షణం ఎక్కడ కనిపించినా దానికి తెలిసిన ఏకైక వివరణ బుద్ధే అని అతడు అంటున్నాడు, ఆ రోజుల్లో దానికి పోటీగా నిలబడగల మరో వివరణ ఎవరి దగ్గరా లేదు కూడా.

విచిత్రమేమిటంటే ఈ వాదం మీద పాశ్చాత్యంలో వచ్చిన అతి పదునైన విమర్శ పేలీ గ్రంథం కన్నా 23 ఏళ్ల ముందే అచ్చయింది. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ జీవించి ఉండగా ప్రచురించడానికి సాహసించని ‘డైలాగ్స్ కన్సర్నింగ్ నేచురల్ రిలిజియన్’ అతడు మరణించిన మూడేళ్లకు, 1779లో, వెలుగు చూసింది. అందులో ఫైలో అనే పాత్ర ద్వారా వినిపించే ఆక్షేపణలు ధర్మకీర్తినీ రామానుజులనూ చదివినవారికి పరిచయమైనవే: ఇల్లు కట్టడాన్ని ఎన్నోసార్లు చూశాం గాని లోకాలు పుట్టడాన్ని ఎవరూ చూడలేదు, ఇంటికి పలువురు పనివాళ్లు ఉన్నట్టు లోకానికి పలువురు దేవతలు ఎందుకు ఉండకూడదు, లోకం యంత్రాన్ని కాక చెట్టునో జంతువునో పోలి ఉందనుకుంటే అది మొలకెత్తి పెరిగిందని అనవచ్చు కదా. లోకంలో ఉన్న బాధనంతా లెక్కలోకి తీసుకుంటే, కార్యాన్ని బట్టి మాత్రమే కర్తను ఊహించేవారు అతడికి అపారమైన దయను ఆపాదించలేరని కూడా హ్యూమ్ చూపాడు. ఆ వెంటనే 1781లో జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ ఈ వాదం పట్ల గౌరవం ప్రకటిస్తూనే, ఇది విజయవంతమైనా ఉన్న పదార్థాన్ని అమర్చిన శిల్పిని మాత్రమే నిరూపిస్తుంది తప్ప శూన్యం నుంచి లోకాన్ని పుట్టించిన సృష్టికర్తను నిరూపించదని అభ్యంతరం చెప్పాడు. క్రైస్తవ సిద్ధాంతానికి ఇది ప్రాణాంతకమే గాని, నైయాయికులకు దీనివల్ల ఏ నష్టమూ లేదు. పరమాణువులు నిత్యమని నమ్మే వారి ఈశ్వరుడు మొదటి నుంచీ శిల్పి మాత్రమే.

అయినా తర్కం ఒక్కటే ఈ వాదాన్ని పడగొట్టలేకపోయింది. హ్యూమ్ చదివినవారికి కూడా, మరి కన్ను ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు చెప్పడానికి సమాధానం ఉండేది కాదు. ఆ సమాధానాన్ని తెచ్చినవాడు, కేంబ్రిడ్జిలో విద్యార్థిగా పేలీ వాదాలను ఎంతో మెచ్చుకుంటూ చదివిన చార్లెస్ డార్విన్. 1859లో వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’లో అతడు ప్రతిపాదించిన ప్రకృతి వరణం చాలా సూటిగా ఉంటుంది. ఒక జాతి జీవులలో స్వల్పమైన తేడాలు ఉంటాయి, అవి సంతానానికి సంక్రమిస్తాయి, పుట్టినవన్నీ బతకలేవు. బతకడానికీ సంతానాన్ని కనడానికీ తోడ్పడే తేడా ఏదైనా ఉంటే అది తరతరాలకూ ఎక్కువమందిలోకి వ్యాపిస్తుంది. ఈ చిన్న మార్పులు లక్షల తరాల పాటు పోగుపడితే, ఏ బుద్ధీ ముందుగా ఆలోచించకుండానే ప్రయోజనానికి తగిన అమరిక ఏర్పడుతుంది. పేలీ అడిగిన పోటీ వివరణ ఇదే.

పేలీ తన వాదానికి మూలస్తంభంగా నిలిపిన కంటినే తీసుకుంటే ఈ మార్పు ఎంత లోతైనదో తెలుస్తుంది. సగం కన్ను ఎందుకు పనికొస్తుందన్న పాత ప్రశ్నకు బతికున్న జంతువులే సాక్ష్యం చెబుతాయి: ప్లనేరియా అనే చదును పురుగుకు కాంతి ఏ వైపు నుంచి వస్తుందో మాత్రం తెలిపే గిన్నె వంటి కన్ను ఉంది, నాటిలస్ అనే సముద్ర జీవికి కటకం లేని సూదిరంధ్రపు కన్ను ఉంది, ఇవి రెండూ వాటి అవసరాలకు సరిపోతున్నాయి. కాంతిని గుర్తించే ఒక చదునైన పొర చిన్న చిన్న మెట్ల మీదుగా చేప కంటి వంటి కటకపు కన్నుగా మారడానికి ఎంత కాలం పడుతుందో స్వీడన్ శాస్త్రవేత్తలు డాన్ ఎరిక్ నిల్సన్, సుసాన్ పెల్గర్ 1994లో లెక్కగట్టారు. ప్రతికూలమైన అంచనాలతో లెక్కించినా అది నాలుగు లక్షల తరాల లోపే తేలింది. మరోవైపు మనిషి కంట్లో నరాల తీగలు కాంతిని గ్రహించే కణాలకు ముందువైపున పరుచుకొని, ఒకచోట గుత్తిగా వెనక్కి దూరడం వల్ల అక్కడ ఏమీ కనిపించని చుక్క ఏర్పడింది. ఆక్టోపస్ కంటిలో తీగలు వెనుకవైపునే ఉండటం వల్ల ఈ లోపం లేదు. వంశక్రమంలో వచ్చిన పాత అమరికను విడిచిపెట్టలేక, దాని మీదే సవరణలు చేసుకుంటూ వచ్చిన ప్రక్రియకు ఇటువంటి గుర్తులు సహజం. ఇతర పురుగుల సజీవ శరీరాలను లోపలి నుంచి తింటూ పెరిగే కందిరీగ జాతి కీటకాలను దయామయుడైన దేవుడు ఉద్దేశపూర్వకంగా సృష్టించాడని తాను నమ్మలేనని 1860లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకు డార్విన్ రాశాడు. ఆ గ్రే స్వయంగా క్రైస్తవ విశ్వాసి అయి ఉండి కూడా డార్విన్ సిద్ధాంతాన్ని అమెరికాలో సమర్థించిన వారిలో అగ్రగణ్యుడు.

20వ శతాబ్దం చివర అమెరికాలో ‘ఇంటెలిజెంట్ డిజైన్’ పేరుతో ఈ వాదం మళ్లీ తలెత్తింది. ఒక్క భాగం తీసివేసినా పనిచేయని యంత్రాలు జీవకణంలో ఉన్నాయనీ, బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోక వంటి కశాభం అటువంటిదనీ, అవి మెట్లు మెట్లుగా ఏర్పడే అవకాశం లేదనీ జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ 1996లో రాశాడు. ఆ కశాభంలోని ప్రోటీన్లలో కొన్నింటిని పోలినవే కొన్ని బ్యాక్టీరియాలలో విషాన్ని ఎక్కించే సూది వంటి నిర్మాణంగా వేరే పనికి ఉపయోగపడుతున్నాయని శాస్త్రజ్ఞులు చూపడంతో ఆ వాదం వీగిపోయింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ పాఠశాలల్లో దీన్ని విద్యార్థులకు పరిచయం చేయాలన్న నిర్ణయం మీద తల్లిదండ్రులు వేసిన దావాలో, ఇది విజ్ఞానశాస్త్రం కాదని 2005 డిసెంబరులో న్యాయమూర్తి జాన్ జోన్స్ తీర్పు చెప్పాడు.

నేడు ఈ వాదానికి మిగిలిన బలమైన స్థావరం జీవశాస్త్రంలో లేదు, భౌతికశాస్త్రంలో ఉంది. ప్రకృతి నియమాలలోని కొన్ని స్థిరాంకాలు, అంటే మారకుండా ఉండే సంఖ్యలు, ఇప్పుడున్న విలువలకు కొంచెం అటూఇటూ అయినా జీవం సాధ్యమయ్యేది కాదన్న పరిశీలనకు సూక్ష్మ శ్రుతివాదం అనే పేరు తగి ఉంటుంది. నక్షత్రాల గర్భంలో కార్బన్ తగినంతగా తయారుకావాలంటే దాని కేంద్రకానికి ఒక నిర్దిష్టమైన శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ ముందుగా చెప్పగా, ప్రయోగాలలో అది నిజంగానే బయటపడింది. విశ్వం విస్తరించే తీరును నిర్ణయించే విశ్వస్థిరాంకం చాలా పెద్దదైతే నక్షత్రవీథులు ఏర్పడేవే కావని 1987లో భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ చూపాడు. ప్రకృతి వరణం ఈ విలువలను వివరించలేదు, ఎందుకంటే వరణం జరగడానికి ముందే ఇవి ఉండాలి. కాబట్టి పేలీకి డార్విన్ ఇచ్చిన సమాధానం ఇక్కడ చెల్లదన్నది నిజం. రిచర్డ్ స్విన్‌బర్న్ వంటి తత్త్వవేత్తలు ఈ స్థితికి ఈశ్వరుడే అత్యంత సరళమైన వివరణ అని వాదిస్తారు. భిన్న విలువలు గల విశ్వాలు అసంఖ్యాకంగా ఉన్నాయనీ, జీవానికి అనువైన దానిలోనే దాన్ని పరిశీలించే జీవులు ఉంటారు కనుక ఇందులో వింత లేదనీ మరికొందరు అంటారు. అయితే ఆ ఇతర విశ్వాలను ఇంతవరకు ఎవరూ గమనించలేదు.

ఈ రెండు పక్షాలూ ఎదుర్కొనవలసిన ప్రశ్న ధర్మకీర్తి వేసినదే. ఒక స్థిరాంకం ఈ విలువను పొందడం అరుదైన సంఘటన అని చెప్పాలంటే, ఆ విలువ ఎన్ని విధాలుగా ఉండే అవకాశం ఉందో, ఏ విధం ఎంత తరచుగా వస్తుందో ముందు తెలిసి ఉండాలి. అది తెలియడానికి పోల్చి చూసేందుకు మరో విశ్వం లేదు. వంటింటిని ఒక్కసారి కూడా చూడనివాడు పొగకూ నిప్పుకూ వ్యాప్తి ఉందని ఎలా నిశ్చయించలేడో, కర్త ఉన్న విశ్వాన్నీ కర్త లేని విశ్వాన్నీ ఎన్నడూ పక్కపక్కన చూడనివారు స్థిరాంకాలకూ కర్తకూ వ్యాప్తిని అలాగే నిశ్చయించలేరు. ఇంత మాత్రం చేత కర్త లేడని తేలిపోదు, ఎందుకంటే సాధనం చాలకపోవడం వేరు, సాధ్యం లేకపోవడం వేరు. దైవాన్ని నమ్మేవారు రామానుజుల వలె దానికి వేరే ప్రమాణాన్ని చూపవచ్చు, ఆ ప్రమాణాన్ని దాని సొంత కొలతలతోనే పరీక్షించాలి. కాని స్థిరాంకాల పట్టికను చూపి ఈశ్వరసిద్ధి పూర్తయిందనే మాటనూ, అదే పట్టికకు అనేక విశ్వాలను జోడించి ఈశ్వరుడి ప్రసక్తే ముగిసిందనే మాటనూ, ఇప్పుడు చేతిలో ఉన్న ఆధారాలతో అంగీకరించడానికి వీలులేదు.